తన్ని దణ్ణం పెట్టే పిల్ల

మా మనవరాలు పావనికి పసుపు బెల్టు సులభంగానే వచ్చింది. ఆ పరీక్షలో గాలిని తన్నితే చాలు. గాలికి కాలు తగిలిందని ఎవరూ దణ్ణం పెట్టుకోరు కదా. చిక్కంతా ఆరెంజి బెల్టు దగ్గర మొదలైంది. ఆ పరీక్షలో ఎదురుగా మనిషి ఉంటాడు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది మదనపల్లె. మా కొడుకు మధుసూదన్ టమోటా మండీలో వేలం పాడతాడు. పొద్దున్నుంచి అరిచి అరిచి ఇంటికొచ్చాక కూడా ఉప్పు అందుకోమనడానికి నలుగురు కొనేవాళ్లు ఎదురుగా ఉన్నట్టే అరుస్తాడు. కోడలు సుప్రియ అంగళ్లు ఊరి దగ్గర కాలేజీలో ల్యాబులో పని చేస్తుంది. అందుకని సాయంత్రం పిల్లను కరాటేకి తీసుకెళ్లేదీ, మెట్ల మీద కూర్చునేదీ, చెమట కంపుతో ఉన్న ఆ తెల్ల గుడ్డలు మోసుకొచ్చేదీ నేనే.

కరాటే క్లాసు కల్యాణ మండపం పైన భోజనాల హాల్లో జరుగుతుంది. ముహూర్తాలున్న రోజుల్లో క్లాసు ఉండదు. ముహూర్తం మర్నాడు ఉంటుంది గానీ నేల మీద సాంబారు జారుడుంటుంది. ఆ జారుడులో నిలబడి తన్నడం నేర్చుకున్నవాడు ఎక్కడైనా నిలబడతాడని మాస్టరు గోపాలస్వామి చెప్తాడు. ఆయన పగలంతా జిరాక్సు షాపు నడుపుతాడు, సాయంత్రమైతే నల్ల బెల్టు కడతాడు. బొజ్జ మీద కట్టాలంటే బెల్టు చాలదు కాబట్టి బొజ్జ కిందికి దించి కడతాడు. మనిషి మంచివాడే. జపాను భాషలో పది వరకు లెక్క చెప్తాడు. ఇచి, ని, సాన్ అని పిల్లలు అరుస్తుంటే వినీ వినీ నాకూ వచ్చేసింది. ఇంట్లో కుక్కరు సాన్ విజిల్ వేశాక ఆపమని కోడలికి చెప్తే ఆమెకు కోపం.

పసుపు బెల్టు వచ్చిన రోజు నేను దానికి మూలన కుంకుమ బొట్టు పెట్టాను. కొత్త గుడ్డ ఏదైనా మా ఇంట్లో పసుపు కుంకుమ పెట్టే కట్టుకుంటాం. దానికి పసుపు ఎలాగూ ఉంది. గోపాలస్వామి ఆ ఎర్ర బొట్టు చూసి, ఇది ఏ గ్రేడు అమ్మా, నేను ఇవ్వలేదే అన్నాడు.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో ఎవరి కాలైనా ఎవరికైనా తగిలితే వెంటనే వంగి, తగిలిన చోట చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకోవాలి. మనిషికి తగిలినా అంతే, పుస్తకానికి తగిలినా అంతే, బియ్యం మూటకు తగిలినా అంతే. అద్దుకోకపోతే కళ్లు పోతాయి. పావని తప్పటడుగులు వేసేటప్పటి నుంచీ నేను దానికి ఇదే నేర్పాను. మంచానికి తగిలినా అద్దుకుంటుంది. వీధి కుక్కకు తగిలితే, అది గుర్రుమంటున్నా సరే, వంగి తాకి అద్దుకుని పరిగెత్తుకొస్తుంది. ఇంత బాగా నేర్చుకున్న పిల్ల మా వీధిలోనే లేదు. నేర్పినందుకు నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు.

ఆరెంజి బెల్టు పరీక్షలో పిల్లలిద్దరికీ ఛాతీకి దిండులాంటిది కట్టి ఎదురెదురుగా నిలబెడతారు. ఎదుటివాడికి ఒక్క తన్నైనా సరిగ్గా తగలాలి. తన్నినాక రెండు పిడికిళ్లూ మళ్లీ ముఖం ముందుకి రావాలి. అంతే నియమం. మొదటి పరీక్ష మదనపల్లెలోనే జరిగింది. పరీక్ష చెయ్యడానికి కోలారు వైపు నుంచి పెద్ద మాస్టరొకాయన వచ్చాడు. కట్టి కట్టి ఆయన నల్ల బెల్టు మా ఇంటి మసిగుడ్డలాగా వెలిసిపోయింది. అలా వెలిసిపోవడమే గొప్పట.

పావని తన్నింది. ఆ తన్ను చూసి నాకే ఒళ్లు ఝల్లుమంది. ఎదుటి పిల్లాడు రెండడుగులు వెనక్కి పోయాడు. మెట్ల మీద కూర్చున్న తల్లులంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే మా పావని పిడికిళ్లు విప్పి, ముందుకి నడిచి, వంగి, ఆ పిల్లాడి ఛాతీ దిండును తాకి కళ్లకద్దుకుంది. వాడు ఇంత మంచి అవకాశం మళ్లీ రాదనుకుని వంగిన నెత్తి మీద ఒక్కటిచ్చాడు. పెద్ద మాస్టరు గంట కొట్టేశాడు. పావని తప్పింది.

గోపాలస్వామి నన్ను పక్కకి పిలిచి, పిల్లకు ఈ అలవాటు మాన్పించమన్నాడు. ఆట మొదలయ్యేటప్పుడు వంగి నమస్కారం చేస్తారు, అయిపోయాకా చేస్తారు, మధ్యలో ఒకటి చేస్తే మీ సొమ్మేం పోయిందని నేనడిగాను. మొదటిదీ చివరిదీ కరాటే, మధ్యలోది యుద్ధం అన్నాడాయన. యుద్ధం చేసే మనిషికి ఆ బొజ్జేమిటని నోటిదాకా వచ్చింది గానీ, పిల్ల భవిష్యత్తని ఊరుకున్నాను.

రెండో పరీక్ష పుంగనూరులో పెట్టారు. ఈసారి పావనికి జోడీ మోసిన్. వాడు దర్జీ ఖాజా మొహిద్దీన్ కొడుకు. క్లాసు పిల్లలందరి తెల్ల గుడ్డలూ ఆ మొహిద్దీనే కుడతాడు, పిల్లలు పెరుగుతారని చేతులూ కాళ్లూ జానెడు పొడుగుగా కుడతాడు. అందుకే మా క్లాసు పిల్లలంతా తన్నబోయే ముందు ప్యాంటు పైకి లాక్కుంటారు. మోసిన్ వాళ్లమ్మ దిల్షాద్ రోజూ మెట్ల మీద నా పక్కనే కూర్చుంటుంది. మా ఇద్దరికీ మంచి స్నేహం.

ఇందులో మేం కనిపెట్టని సంగతి ఒకటుంది. క్లాసులో పావని రోజూ మోసిన్‌నే తన్నేది, రోజూ వంగి తాకేది. వాడు బాగా పెరిగిన పిల్లాడు, దీని తన్ను వాడి పొట్ట దాకానే అందేది. పాపం అంత కిందికి వంగుతోందే అని, తన్ను తగలగానే తాకడానికి అందేలా తనే చెయ్యి ముందుకు చాపడం అలవాటు చేసుకున్నాడు. పుంగనూరులో పెద్ద మాస్టరు ముందు కూడా అదే చేశాడు. ఇది తన్నింది, వాడు చెయ్యి చాపాడు, ఇది తాకి అద్దుకుంది, వాడు పర్వాలేదన్నట్టు తల ఊపాడు. పెళ్లిలో చుట్టాలు కలుసుకున్నట్టు ఇద్దరూ అలా నిలబడిపోయారు. ఇద్దరి పిడికిళ్లూ దిగిపోయాయి కాబట్టి ఇద్దరూ తప్పారు.

తిరుగు బస్సులో దిల్షాద్ నా పక్కన కూర్చుంది గానీ ముఖం కిటికీ వైపు పెట్టింది. ఊరు దగ్గర పడ్డాక అంది:

“రాజమ్మక్కా, నీ మనవరాలు పరీక్షలో పడితే పడె. మావోణ్ణి యాల ఎంటబెట్టుకోని పడాల?”

“నేనేం జేతునమ్మా, మీవాడు మర్యాదగా సెయ్యి సాపినాడు.”

“మర్యాద ఇంట్లో ఉండాదిలే. తన్నేదానికి పంపిస్తే సెయ్యి సాపేదేంది? కుట్టేదానికి కొలతలు తీస్తాండారా ఆడ?”

ఆ మాటన్నాక తనకే నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. మా ముందు సీట్లో పిల్లలిద్దరూ నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం నాకు మర్నాడు తెలిసింది. క్లాసులో వాళ్ల జట్టు పిల్లలంతా ఆరెంజి బెల్టులు కట్టుకుని ముందు వరుసకు వెళ్లిపోయారు. వీళ్లిద్దరినీ కొత్తగా చేరిన తెల్ల బెల్టు బుడతల పక్కన నిలబెట్టారు. ఆ బుడతల్లో ఒకడు అమ్మ కావాలని ఏడుస్తాడు. ఒకడి ప్యాంటు ప్రతి తన్నుకీ జారిపోతుంది. వాడు పావని దగ్గరికొచ్చి అక్కా నాడా కట్టు అంటాడు. ఒకత్తెకు ఒంటికి వస్తే పావనే తీసుకెళ్లాలి. అంత బాగా తన్నే పిల్ల అంగన్‌వాడీ ఆయా అయిపోయింది. మాస్టరు ముందు వరుసకు కొత్త తన్ను నేర్పుతుంటే, ఇది నాడాలు కడుతూ మెడ చాపి చూసేది.

పైగా మా కొడుకు. సుప్రియకు మొదటి నుంచీ పిల్లను కరాటే హాలు కింద అంతస్తులోని చేతిరాత క్లాసులో చేర్చాలని ఉంది. మధుసూదన్ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మండీలో పాడినట్టే పాడాడు. ఒకటోసారి పోయింది, రెండోసారి పోయింది, మూడో పరీక్ష కుప్పంలో ఉంది, అదీ పోతే కరాటే కొట్టేసినట్టే, చేతిరాతలో చేరాల్సిందే అన్నాడు. వాడి పాట అయిపోయాక ఇంక ఎవరూ పెంచడానికి లేదు.

పావని ఏడవలేదు. నా పక్కన పడుకుని మెల్లగా అంది:

“అవ్వా, నేను వద్దనుకుంటానే ఉండా. సెయ్యే పోతాండాది.”

మర్నాడు పొద్దున నేను మిద్దె మీదికి వెళ్లి, మా కొడుకు లుంగీతో నా కడుపుకి ఒక దిండు కట్టుకున్నాను. పిల్లను పిలిచి తన్నమన్నాను. తన్నినాక వంగకుండా నిలబడడం అభ్యాసం చేయిద్దామని నా ఆలోచన. అది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, అవ్వను తంతే కళ్లు కాదు, కాళ్లే పడిపోతాయని నువ్వే చెప్పావు అంది. అప్పుడేదో చెప్పాను, ఇప్పుడు తన్ను అన్నాను. అది తన్నదు. నేను తిట్టాను. బతిమాలాను. మోసిన్‌కి ముందే ఆరెంజి వచ్చేస్తుందని ఉసిగొలిపాను. చివరికి కళ్లు మూసుకుని ఒక్కటి తన్నింది. నేను వెళ్లి నీళ్ల ట్యాంకుకి ఆనుకున్నాను. దిండు లేకపోయుంటే ఈ కథ ఇంకెవరైనా చెప్పాల్సొచ్చేది. ఊపిరి తీసుకునేలోపు అది నా దగ్గరికొచ్చి దిండును తాకబోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను. అది కళ్లు పోతాయి, వదులు వదులు అని ఏడుస్తూ పెనుగులాడింది.

ఎదురింటి మిద్దె మీద వాణి మిరపకాయలు ఆరబోస్తోంది. ఆమెకు కనపడింది ఏమిటంటే, మనవరాలు అవ్వను తన్నింది, అవ్వ మనవరాలి చెయ్యి విరుస్తోంది. వెంటనే మధుసూదన్‌కి ఫోను చేసింది. వాడు వేలం మధ్యలో టమోటాలు వదిలేసి బండి మీద వచ్చి పడ్డాడు. మిద్దె ఎక్కి, తన లుంగీలో దిండు కట్టుకున్న తల్లినీ ఏడుస్తున్న కూతుర్నీ చూసి, ఏమీ అడక్కుండా దిగి వెళ్లిపోయాడు. ఆ రోజు టమోటాలు ఎవరు ఎంతకి పాడుకున్నారో నాకు తెలియదు గానీ వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తన్నులతో పని కాదని అప్పుడర్థమైంది. పిల్లకు భయం కాలు గురించి కాదు, అద్దుకోకుండా వదిలేయడం గురించి. అందుకని కూర్చోబెట్టి ఇలా చెప్పాను:

“మే, బస్సులో రద్దీలో నిలబడుకోని పోతాంటే ఎవురెవురికో కాలు తగుల్తాది గదా. ఆ తొక్కిసలాటలో వంగితే మళ్లీ లేస్తామా?”

“లేయము.”

“మరేం జేస్తాము?”

“దిగినాక పెట్టుకుంటాము.”

“అంతే. ఆట అయిపొయ్యేదాకా నువ్వు బస్సులో ఉండావు. దిగినాక పెట్టుకో.”

దాని ముఖం కొంచెం తేరుకుంది. అయినా దానికి అన్నీ సరిగ్గా తెలియాలి. దిగినాక ఎంతసేపట్లో పెట్టుకోవాలని అడిగింది. ఆ సంగతి నాకు మాత్రం ఎవరు చెప్పారు? అన్నం తినేలోపల పెట్టుకుంటే చాలన్నాను. ఆలోపల ఆ పిల్లాడు వెళ్లిపోతే అని అడిగింది. పోనియ్యకుండా పట్టుకో అన్నాను. నేనేదో మాటవరసకు అన్నాను. పిల్లలు మాటవరసకు వినరు.

దిల్షాద్ పద్ధతి వేరు. మోసిన్‌ను ఇంట్లో నిలబెట్టి చెల్లెలి చేత తన్నించేది. వాడు చెయ్యి చాపినప్పుడల్లా మొహిద్దీన్ కొలతల కర్రతో వేళ్ల మీద ఒక్కటేసేది. వారం తిరిగేసరికి వాడు ఇంట్లో చాయ్ గ్లాసు అందుకోవడానికి కూడా చెయ్యి చాపడం లేదట.

కుప్పానికి పొద్దున్నే బస్సెక్కాం. పుంగనూరు, పలమనేరు, వీకోట దాటి వెళ్లేసరికి సగం మంది పిల్లలు కిటికీల్లోంచి కక్కేశారు. పావని ఏమీ తినలేదు కాబట్టి కక్కలేదు. పరీక్ష ఒక స్కూలు రేకుల షెడ్డులో. కుప్పం చుట్టుపక్కల నుంచి, అటు తమిళం నుంచి, ఇటు కన్నడం నుంచి పిల్లలు వచ్చారు. ఒక్కొక్కడు ఒక్కొక్క భాషలో ఏడుస్తున్నాడు. పెద్ద మాస్టరు మాత్రం జపాను భాషలోనే లెక్క పెడుతున్నాడు.

నేను ముందు వరుసలో చోటు పట్టుకున్నాను. నా పక్కన కుప్పం ఆవిడొకామె, సావిత్రమ్మ, సంచీలోంచి వక్కాకు తీసి నాకూ ఇచ్చింది. ఆమె మనవడు నవీన్ కూడా ఈ రోజే ఆరెంజికి వచ్చాడట. మోకాళ్ల నొప్పుల గురించీ, కోడళ్ల గురించీ, ఈ పిల్లలు తన్నేటప్పుడు పెట్టే కేకల గురించీ మాట్లాడుకున్నాం. మొదటిసారి ఇంట్లో నవీన్ ఆ కేక పెట్టినప్పుడు ఆమె దిష్టి తీసి ఎండు మిరపకాయలు పొయ్యిలో వేసిందట. నాకు ఆమె బాగా నచ్చింది. మా ఇద్దరి మనవలనీ ఒకరికొకరిని జోడీ కట్టారని పేర్లు పిలిచాకే తెలిసింది. ఆమె సంచీని కొంచెం అటు జరుపుకుంది. నేనూ కొంచెం ఇటు జరిగాను.

మోసిన్ అంతకు ముందే ఎవర్నో తన్ని, చెయ్యి చాపకుండా నిలబడి, గెలిచేశాడు. దిల్షాద్ కొలతల కర్రను బ్యాగులో పెట్టేసుకుంది. ఇక మిగిలింది మా పిల్ల.

నవీన్ పావని కంటే తలకాయంత పొడుగు. గంట కొట్టగానే వచ్చి ఒకటి తన్నాడు, ఇంకొకటి తన్నాడు. పావని వెనక్కి వెనక్కి పోయి గీత దగ్గరికి వచ్చేసింది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు అది పక్కకు తిరిగి, ప్యాంటు పైకి లాక్కుని, వాడి పక్కటెముకల దగ్గర, దిండు అయిపోయే చోట ఒక్కటి తన్నింది. శబ్దం నాకు వినపడింది. తర్వాత దాని చేతులకేసి చూశాను. వేళ్లు విచ్చుకున్నాయి. కుడి చెయ్యి సగం దాకా దిగింది. అక్కడే ఆగింది. ఎవరో పైనుంచి దారం లాగినట్టు మళ్లీ పైకి వచ్చి, పిడికిలి బిగుసుకుని, ముఖం ముందు నిలబడింది. గంట కొట్టే దాకా అట్లాగే ఉంది. నేను కూడా ఎప్పుడు బిగించానో, నా పిడికిళ్లూ బిగుసుకుని ఉన్నాయి. వక్కాకు నలిగి చీర మీద పడింది.

కానీ పెద్ద మాస్టరు ఆ సమయానికి నవీన్ వీపు వైపు ఉన్నాడు. తన్ను ఆయన కంటపడలేదు. కంటపడనప్పుడు ఆయనకొక పద్ధతి ఉంది. తన్ను తిన్నవాణ్ణే అడుగుతాడు. కరాటే నేర్చినవాడు నిజమే చెప్తాడని ఆయన నమ్మకం. తగిలిందా అని నవీన్‌ను అడిగాడు. చుట్టూ వాడి స్నేహితులు గుంపుగా నిలబడి ఉన్నారు. భుజం దాకా కూడా రాని ఆడపిల్ల చేత తన్ను తిన్నానని వాడెలా చెప్తాడు? తగల్లేదు సార్ అన్నాడు. చేతులు బాగా నిలిపింది గానీ తన్ను తగల్లేదు కాబట్టి పావని తప్పిందనీ, నవీన్ పాసయ్యాడనీ చెప్పి, పెద్ద మాస్టరు ఇంకో జోడీని పిలిచాడు.

గోపాలస్వామి నెత్తి పట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. దేని కోసం లేచానో నాకే తెలియదు, ఆ పెద్ద మాస్టరు బెల్టు పట్టుకుని అడుగుదామనుకున్నానేమో. కానీ పావని ఫలితం విన్నట్టే లేదు. నేరుగా నవీన్ దగ్గరికి నడిచింది. కొట్లాటకు పోతోందనుకున్నాను. అది వాడి పక్కటెముకల వైపు చెయ్యి చాపింది. వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇది ఒకడుగు ముందుకి వేసింది. కాలు తగిలింది, తాకి అద్దుకోవాలి అంది. తగల్లేదని వాడన్నాడు. తాకనిస్తే తగిలినట్టు ఒప్పుకున్నట్టే అని వాడికి తెలుసు. అందుకని పరిగెత్తాడు.

అది వెంటపడింది. షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగారు. మధ్యలో ఇంకో జోడీ తన్నుకుంటుంటే వాళ్ల సందులోంచి దూరి పోయారు. ఆ జోడీ తన్నుకోవడం ఆపేసి వీళ్లను చూస్తూ నిలబడింది. వీళ్ల వెనక గోపాలస్వామి బొజ్జ పట్టుకుని పరిగెత్తాడు. ఆయన జీవితంలో అంత వేగంగా పరిగెత్తడం మా మదనపల్లెలో ఎవరూ చూసి ఉండరు. చివరికి నవీన్ వచ్చి వాళ్లవ్వ వెనక దాక్కున్నాడు.

“ఏంది పాపా, నా మనవణ్ణి తరుముకుంటాండావు?” అంది సావిత్రమ్మ.

“అవ్వా, నా కాలు తగిలింది. అద్దుకోవాల. అద్దుకుంటేనే అన్నం తినేది.”

“తగల్లా,” అన్నాడు నవీన్ చీర కొంగు వెనక నుంచి.

“తగిలింది. ఈడ.” పావని తన పక్కటెముకల మీద చూపించింది.

సావిత్రమ్మ నా వైపు చూసింది. నేనామె వైపు చూశాను. మా వయసు వాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పుకోవాల్సిన పని లేదు. బెల్టు పోతే పోనీలేమ్మా, పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అది చాలు నాకు అని మాత్రం చెప్పాను. బెల్టు పోతే పోనీ అని పైకి అన్నానే గానీ, లోపల ఆ బెల్టు కోసం నా ప్రాణం కొట్టుకుంటోంది.

సావిత్రమ్మ వక్కాకు ఉమ్మేసి వచ్చి, మనవణ్ణి చెవి పట్టుకుని ముందుకి లాగింది. వాడి కుడి చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

“నా తల మీద సెయ్యి పెట్టి సెప్పు. తగిలిందా, తగల్లేదా?”

వాడు స్నేహితుల వైపు చూశాడు. పెద్ద మాస్టరు వైపు చూశాడు. తర్వాత వాళ్లవ్వ నెరిసిన జుట్టులో ఉన్న తన చెయ్యి వైపు చూశాడు. ఇప్పుడు అబద్ధం చెప్తే ఆమె అక్కడికక్కడే పడిపోతుందని వాడి భయం. చెయ్యి లాక్కుందామని చూశాడు గానీ ఆమె గట్టిగా పట్టుకుంది.

“కొంచిం తగిలింది,” అన్నాడు.

“కొంచిం అంటే?”

“నొప్పి పుట్టేంత.”

పెద్ద మాస్టరు ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో మాకు తెలియదు. తన్ను కొంచెం తగిలినా తగిలినట్టే అన్నాడు. పావని పాసయిందని చేతిలో ఉన్న పలక లాంటి అట్ట మీద ముందు రాసింది తనే కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు. నవీన్‌కి బెల్టు ఇస్తానన్నాడు గానీ, అబద్ధానికి షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పగంతులు వేయమన్నాడు.

మా పిల్ల ఇవేవీ వినలేదు. తన పని తనకు. నవీన్ పక్కటెముకల మీద తాకి, కళ్లకద్దుకుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. వాడికి చక్కిలిగిలి పుట్టి కిచకిచ నవ్వాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం. సావిత్రమ్మ ఊరుకుంటే కదా. నువ్వు ఈ పాపను తన్నలేదా, నీ కాళ్లేమన్నా వెండి కాళ్లా అని వాణ్ణి నిలదీసింది. వాడు వంగి పావని దిండును తాకి రెండుసార్లు అద్దుకున్నాడు. అది చూసి పక్కనున్న తల్లి ఒకామె తన కొడుకుని ముందుకి తోసింది. కన్నడం వైపు నుంచి వచ్చిన ఒకామె తన కూతురికి సైగ చేసింది. దిల్షాద్ మోసిన్ వీపు మీద ఒక్కటి వేసి, ఇప్పుడు చాపురా అంది. చూస్తుండగానే షెడ్డంతా పిల్లలు ఒకరినొకరు వెతుక్కుంటూ, వంగుతూ, అద్దుకుంటూ తిరుగుతున్నారు. ఎవరు ఎవర్ని తన్నారో గుర్తులేక కొందరు ఎవరు దొరికితే వాళ్లను తాకేస్తున్నారు. పెద్ద మాస్టరు కుర్చీలో కూర్చుని గంట ఒళ్లో పెట్టుకున్నాడు. ఇది మదనపల్లె నుంచి అంటిన జబ్బు సార్, నా దగ్గర నేర్పింది కాదు అని గోపాలస్వామి ఆయనకు చెప్పుకుంటున్నాడు.

పరీక్ష మళ్లీ మొదలవ్వడానికి చాలాసేపు పట్టింది. ఆరెంజి బెల్టు పెద్ద మాస్టరే స్వయంగా పావని నడుముకి కట్టాడు. కడుతూ, ఈసారి పచ్చ బెల్టు అని ఏదో చెప్పాడు. అది శ్రద్ధగా తలూపింది. తర్వాత నేనూ, సావిత్రమ్మా, దిల్షాదూ ముగ్గురం తెచ్చుకున్నవన్నీ ఒకచోట పెట్టుకుని పిల్లలకు తినిపించాం. నవీన్ కప్పగంతులు అయ్యాక వచ్చి మా పిల్ల పక్కనే కూర్చుని పులిహోర తిన్నాడు. ఆ తన్ను ఎలా తిరిగి తన్నావో నాకు చూపించు అని దాన్ని అడిగాడు. అన్నం ముందు కాళ్లు ఎత్తకూడదని నేనూ సావిత్రమ్మా ఒకేసారి కసిరాం.

సాయంత్రం బస్సులో కొడుక్కి ఫోను చేసి చెప్పాను. వాడు ఏమన్నాడో బస్సంతటికీ వినపడింది. మోసిన్ దిల్షాద్ ఒళ్లో పడుకుని నిద్రపోయాడు. పావని మాత్రం ఆరెంజి బెల్టు కొసలు రెండు చేతుల్లో పట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. వీకోట దాటాక నా వైపు తిరిగింది.

“అవ్వా, పచ్చ బెల్టుకి మొకం మీద తన్నాలంట. మొకానికి కాలు తగిల్తే యాడ తాకి అద్దుకోవాల?”

నేను చాలా ఆలోచించాను. మా అత్తను తలుచుకున్నాను, మా అమ్మను తలుచుకున్నాను. వాళ్లెవరూ ఈ సంగతి చెప్పి పోలేదు. పిల్ల నా ముఖం వైపే చూస్తోంది.

నాకు నిద్ర పట్టినట్టు కళ్లు మూసుకున్నాను.